మోడల్ రైలు డీకోడర్ కాలింది: ఇంజిన్ మనమే విప్పాలా, రిపేర్‌కి పంపాలా?

బోగీబాబు:
ఫ్రెండ్స్, నా హెచ్ఓ సైజు (అసలు రైలులో 87వ వంతు) మోడల్ డీజిల్ ఇంజిన్, డీసీసీది (పట్టాల గుండా డిజిటల్ ఆదేశాలతో నడిచేది), నిన్న తిరుగుతూ తిరుగుతూ మలుపు దగ్గర టక్కున ఆగిపోయింది. హెడ్‌లైట్ మాత్రం శుభ్రంగా వెలుగుతోంది, ఆపితే ఆరుతోంది కూడా, స్పీడ్ ఎంత పెంచినా కదలదు. బాడీ తీస్తే కాలిన వాసన. వారంటీ ఎప్పుడో అయిపోయింది. సోల్డరింగ్ ఐరన్ ఉంది గానీ నా చెయ్యి వణుకుద్ది. విప్పనా, పంపెయ్యనా?

పట్టాలపిచ్చి:
పంపడం దండగ బ్రో. లైట్ వెలుగుతోందంటే చక్రాల నుంచి కరెంటు బానే వస్తోంది, డీకోడర్లో (ఆ ఆదేశాలు చదివి మోటార్నీ లైట్లనీ నడిపే చిన్న బోర్డు) మోటార్ని నడిపే భాగం పోయుంటది. ఎనిమిది పిన్నుల సాకెట్ అయితే ఐరన్‌తో పనే లేదు, పాతది పీకి కొత్తది గుచ్చడమే.

నిదానమేప్రధానం:
ఈ "పీకి గుచ్చడమే" అన్న మాట విని నేను ఒకే వారంలో రెండు డీకోడర్లు తగలేశానండీ, మూడోది పెట్టే ధైర్యం లేక పంపేశా. వాళ్లు చూసి చెప్పిందేంటంటే, మోటార్ కింది బ్రష్ (మోటార్‌లోకి కరెంటు అందించే ముక్క) క్లిప్పు చాసీకి, అంటే ఇంజిన్ లోహపు చట్రానికి, తగులుతోంది, ఆ చాసీ ఏమో ఒక పట్టాకి కలిసి ఉంది. మామూలు డీసీలో (డీకోడర్ లేకుండా పట్టాల కరెంటే నేరుగా మోటార్‌కి పోయే పద్ధతి) అలా ఉన్నా బండి నడుస్తుంది, డీసీసీలో మాత్రం పట్టాల వోల్టేజ్ నేరుగా డీకోడర్ మోటార్ అవుట్‌పుట్‌లోకి ఎదురు వచ్చేస్తుంది. చూస్తుండగానే పొగ. అందుకే తెలిసినవాళ్లకి ఇవ్వమంటా.

పట్టాలపిచ్చి:
అంటే తప్పు సొంత రిపేర్‌ది కాదుగా అండీ, కారణం వెతక్కుండా పార్ట్ మార్చడానిది. బోగీబాబూ, డీకోడర్ పీకేసి మల్టీమీటర్ బీప్ మీద పెట్టు, ఒక మొన మోటార్ బ్రష్ మీద, రెండోది ముందు ఎడమ చక్రానికి, తర్వాత కుడి చక్రానికి. ఎక్కడా బీప్ రాకూడదు. వస్తే కొత్తది దగ్గరికే తీసుకురాకు. రాకపోతే 9 వోల్టుల బ్యాటరీతో మోటార్ ఒక్కదాన్నే తిప్పి చూడు, గేర్లో వెంట్రుక చుట్టుకుని బిగుసుకుపోయినా కరెంటు ఎక్కువ లాగి డీకోడర్ని చంపుద్ది.

సిగ్నల్‌మామ:
ఇద్దరూ ఇంజిన్ దగ్గరే కొట్టుకుంటున్నారు. నా లెక్క ఇది: డీకోడర్ మార్చడం, వైర్లు, చక్రాలు తుడవడం మన పని. డీకోడర్ బోర్డు మీద నువ్వుగింజంత పార్టులు మార్చబోతే మాత్రం పక్కది ఊడొస్తుంది, వదిలెయ్యండి. ఇక గోడ ప్లగ్గుకి పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా ఎవరూ విప్పకండి, అందులో మెయిన్స్ కరెంటు, పట్టాల మీద వచ్చే కరెంటు లాంటిది కాదు. బాగా తెలిసినోడు ఉంటే వేరే సంగతి.

బోగీబాబు:
చూశానన్నా! కుడి చక్రం దగ్గర బీప్. సాకెట్ నుంచి మోటార్‌కి పోయే ఆరెంజ్ వైరు ఫ్లైవీల్‌కి (మోటార్‌తో పాటు తిరిగే బరువు చక్రం) రాసుకుని రాసుకుని తోలు ఊడి లోపలి రాగి మెరుస్తోంది, అది చాసీకి ఆనుకునుంది. టేప్ చుట్టనా?

నిదానమేప్రధానం:
టేపొద్దు బాబూ, వేడికి జిగురు సాగి ఫ్లైవీల్‌కి చుట్టుకుంటుంది. ఆ వైరే మార్చి, ఫ్లైవీల్‌కి దూరంగా తిప్పు. బీప్ పోయిందో లేదో మళ్లీ చూడు. కొత్త డీకోడర్ ముందు ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ సెట్టింగులు మార్చే విడి పట్టా) మీదే పెట్టు, అక్కడ కరెంటు తక్కువ కాబట్టి తప్పుంటే మాడకముందే తెలుస్తుంది. (నేనింకా పంపమనే అంటా, మీటర్ ఉంది కాబట్టి ఊరుకుంటున్నా.)

బోగీబాబు:
వైరు మార్చా, బీప్ పోయింది, అడ్రస్ 3 (కొత్త డీకోడర్‌కి ముందే ఉండే నంబరు) మీద నడుస్తోంది!! కాకపోతే ముందుకి పొమ్మంటే వెనక్కి పోతోంది, లైట్లు అసల్లేవు. మళ్లీ కాల్చానా?

పట్టాలపిచ్చి:
కాలలేదులే 😂 డీకోడర్ ప్లగ్గు అటుదిటు గుచ్చావు. పవర్ ఆపి, తిప్పి పెట్టు.