బీకే వైరస్ కనపడగానే మందులు తగ్గించాలా, క్రియాటినిన్ పెరిగేదాకా ఆగాలా?

ఖమ్మం తమ్ముడు:
మా అక్కకి అమ్మ కిడ్నీ ఇచ్చి ఐదు నెలలైంది. క్రియాటినిన్ 1.1 (ఇది పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు), ఏ బాధా లేదు. కానీ వైరస్‌ని లెక్కపెట్టే పీసీఆర్ రక్తపరీక్షలో బీకే వైరస్ మిల్లీలీటరుకి 14,000 కాపీలు వచ్చింది. మూడు వారాలకి మళ్ళీ చేయిస్తే 22,000. డాక్టరుగారు మైకోఫెనొలేట్ (కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా వేసుకునే మందు) సగం చేశారు. పొద్దున రెండు, రాత్రి రెండు వేసుకునేది, ఇప్పుడు ఒక్కొక్కటే. అమ్మకి నిద్ర పట్టడం లేదు. "బాగా పనిచేస్తున్న కిడ్నీకి కాపలా తీసేస్తారేంట్రా" అంటోంది. ఇది సరైన పనేనా?

పాత పేషెంట్:
నేనైతే ఒప్పుకోను తమ్ముడూ. నాకు 2016లో మార్పిడి అయింది. ఇలాగే వైరస్ అని మందులు తగ్గించి, మళ్ళీ రెండు నెలల తర్వాత రమ్మన్నారు. ఈలోగా రిజెక్షన్, అంటే కొత్త కిడ్నీ మీద ఒళ్ళే దాడి చేయడం, మొదలైంది. మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. వైరస్ పోయింది గానీ, 1.3 ఉన్న క్రియాటినిన్ 2.1 దగ్గర ఆగిపోయింది. ముందు బయాప్సీ (సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడటం) చేయించండి, కిడ్నీ దెబ్బతిన్నట్టు తేలాకే మందుల మీద చెయ్యి వేయనివ్వండి.

నెఫ్రాలజీ రెసిడెంట్:
అన్నా, మీకు జరిగింది చదివి బాధేసింది. అయినా ఆగమనడం మాత్రం తప్పు. 1971లో లండన్‌లో ఒక కిడ్నీ మార్పిడి పేషెంట్ మూత్రంలో దొరికింది ఈ వైరస్, ఆయన పేరులోని పొడి అక్షరాలే బీకే. ఇన్నేళ్ళయినా దీన్ని చంపే మందు రాలేదు. లీవోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌తో అడ్డుకోవచ్చేమోనని ట్రయల్ చేశారు, ఫలితం లేదు. దీన్ని అదుపు చేయగలిగేది మన టీ కణాలే, అంటే ఒంట్లోని రక్షణ కణాలే. మనలో చాలామందికి చిన్నప్పుడే సోకి, కిడ్నీలో నిద్రపోతూ ఉంటుంది. టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ కొత్త కిడ్నీ మీద దాడి జరగకుండా ఆ టీ కణాలనే అణిచి ఉంచుతాయి. ఆ సందు చూసుకుని వైరస్ లేస్తుంది. క్రియాటినిన్ పెరిగే సమయానికి కిడ్నీలోని సన్నటి గొట్టాలు పాడై మచ్చలు పడుతుంటాయి, మచ్చ మళ్ళీ మామూలు కణజాలం కాదు. పైగా బయాప్సీ సూది వైరస్ లేని చోట దిగితే రిపోర్టు బాగానే వస్తుంది. అందుకే 10,000 దాటితే బయాప్సీ లేకపోయినా తగ్గించడం మొదలుపెడతాం.

గుంటూరు అత్తయ్య:
ఇమ్యూనిటీ పెరగాలంటే తిప్పతీగ కషాయం పట్టించండి నాన్నా, మా ఇంట్లో అందరం తాగాం.

నెఫ్రాలజీ రెసిడెంట్:
అత్తయ్యగారూ, దయచేసి వద్దు. టీ కణాలకి ఊపు వస్తే అవి వైరస్ మీదకే వెళ్తాయని ఎవరు చెప్పగలరు? కిడ్నీ మీదకీ రావచ్చు. కరోనా రోజుల్లో తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే రిపోర్టయ్యాయి. డోసు తగ్గించడమంటే తలుపు కొంచెమే తెరవడం, కషాయం అలా కాదు.

పాత పేషెంట్:
డాక్టరుగారూ, మీరు చెప్పింది అర్థమైంది. కానీ ఒకటి మాత్రం వదలను. డోసు తగ్గించి రెండు నెలలు గాలికి వదిలేశారు చూడండి, నన్ను ముంచింది అదే. ఆ రెండు నెలల్లో ఒక్క క్రియాటినిన్ కూడా చూడలేదు. పీసీఆర్ ఖర్చు ఎక్కువని జనం వాయిదా వేస్తారు, వేయొద్దని గట్టిగా చెప్పేవాళ్ళు ఉండాలి కదా.

నెఫ్రాలజీ రెసిడెంట్:
అక్కడ నేను మీవైపే. తగ్గించాక ప్రతి రెండు మూడు వారాలకీ క్రియాటినిన్, టాక్రోలిమస్ లెవెల్, బీకే పీసీఆర్ చూడాల్సిందే. వీలైతే దాత కణజాలానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు వచ్చాయేమో కూడా. కాపీలు దిగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తమ్ముడూ, ఎంత తొందరగా ఉన్నా ఇంట్లో మీరే ఇంకో ట్యాబ్లెట్ తగ్గించొద్దు.

ఖమ్మం తమ్ముడు:
అమ్మకి చదివి వినిపించాను. "నా కిడ్నీతోనే వచ్చిందా ఆ పురుగు?" అని అడిగింది. వచ్చి ఉండొచ్చు, చాలామందిలో ఉండేదేనమ్మా, నీ తప్పేం లేదన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గోడమీది క్యాలెండర్ తీసి, వచ్చే మంగళవారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. ఆ రోజే అక్కకి మళ్ళీ పీసీఆర్. కాపీలు ఎంతొచ్చాయో ఇక్కడే రాస్తాను.