‘ఇన్నోసెన్స్’ అంటే అమాయకత్వమేనా?

ఎడిత్ వార్టన్ నవల ‘ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్’ పేరు తెలుగులో ఎలా చెప్పాలని మొన్న ఒకరు అడిగారు. ఎక్కువమంది ‘అమాయకపు రోజులు’ అన్నారు. నాకు ఆ మాటతో పేచీ ఉంది.

కథ 1870ల న్యూయార్కులో, డబ్బున్న పాత కుటుంబాల మధ్య జరుగుతుంది. వార్టన్ 1862లో అలాంటి ఇంట్లోనే పుట్టింది, 1913లో విడాకులు తీసుకుంది. 1920లో వచ్చిన ఈ నవలకు మరుసటి ఏడాది పులిట్జర్ ఇచ్చారు. నవలకు ఆ బహుమతి అందుకున్న తొలి స్త్రీ ఆవిడే. భర్తను వదిలి వచ్చిన ఎలెన్‌కి, చట్టం ఒప్పుకున్నా ఆచారం ఒప్పుకోదని చెప్పి విడాకులు మానిపించేది లాయరు న్యూలండ్ ఆర్చర్. ఆ తర్వాత మనసు పారేసుకునేదీ ఆమె మీదే. అప్పటికే అతనికి మే వెలండ్‌తో పెళ్లి కుదిరింది.

అమాయకత్వాన్ని విడదీస్తే మాయ లేకపోవడం. మే గురించి అందరి నమ్మకమూ అదే: నోట్లో వేలు పెడితే కొరకలేని పిల్ల. ఈ తెలియనితనం పుట్టుకతో వచ్చింది కాదని, తల్లులూ అత్తలూ అమ్మమ్మలూ కూడబలుక్కుని తయారుచేసిందని న్యూలండ్‌కే ఒకచోట తడుతుంది. అయినా ఆమెకు ఏమీ తెలియదనే అనుకుంటూ బతికేస్తాడు. పెళ్లికి ముందు ఫ్లోరిడాలో ఆమె, వేరే ఎవరైనా ఉంటే చెప్పు, నిన్ను వదిలేస్తానంటుంది. పెద్దవాళ్లు అనుకున్నంత తెలియనివాళ్లం కాదు మేము అని కూడా అంటుంది. అతను ఆ మాట విన్నాడు గానీ పట్టించుకోలేదు.

ఇక చివర. తాను కడుపుతో ఉన్నానని మే ముందు ఎలెన్‌కి చెబుతుంది, రెండు వారాలకు భర్తకు. ఎలెన్‌తో చెప్పినప్పుడు తనకే రూఢిగా తెలియదు. అదీ భర్తతోనే ఒప్పుకుంటుంది, గెలుపుతో చెమ్మగిల్లిన నీలి కళ్లతో. ఎలెన్ అప్పటికే యూరప్ ప్రయాణం కట్టేసింది. దీన్ని మాయ లేకపోవడం అని ఎలా అనగలం?

“అయితే నంగనాచి అనండి” అని ఒకరు రాశారు. ఒప్పుకోలేను. నంగనాచిలో తిట్టు ఉంది. మే అరవకూడదు, నిలదీయకూడదు, తెలుసన్న సంగతి తెలియనివ్వకూడదు. ఎలెన్ కాక వేరే వివాహితతో న్యూలండ్ పాత వ్యవహారం మగవాడి తెలివితక్కువతనంగా చెల్లిపోయిన లోకం అది. ఆడదానికైతే అదే నేరం. ఆ లోకం ఆమె చేతిలో ఉంచిన ఆయుధం తెలియనట్టు ఉండటమే. దాన్నే వాడింది.

నా ఓటు ‘ముగ్ధ’కి. ఏమీ ఎరగని ముగ్ధ, నడిమి మధ్య, అన్నీ ఎరిగిన ప్రౌఢ అని మన ఆలంకారికులు నాయికలను విభజించారు కదా. ముగ్ధ ఒక పాత్ర. ఎవరో రాసి పెట్టిన వేషం. మామూలుగా ముగ్ధ ప్రౌఢ అవుతుంది. మే మాత్రం జీవితాంతం ముగ్ధగానే కనిపించాలి, లోపల ఎంత ప్రౌఢ అయినా. అందుకే ‘ముగ్ధల కాలం’ అంటాను.

స్పందన: బాగుందండీ, కానీ ‘ముగ్ధల’ అంటే ఆడవాళ్లే గుర్తొస్తారు. న్యూలండ్ సంగతేమిటి?

జవాబు: మంచి ప్రశ్న వేశారు. ఈ మాటను మనం వాడే తీరు చూడండి. ముగ్ధ అంటే ఏమీ ఎరగని పిల్ల. ముగ్ధుడయ్యాడంటే మాత్రం ఏదో చూసి మైమరచిపోయాడని. రెండింటికీ మూలం ఒకటే, మోహం పుట్టిన ధాతువే. న్యూలండ్‌కి ఈ రెండో అర్థం సరిగ్గా అతుకుతుంది, మొదటిది ఇంకా బాగా. ఎలెన్‌కి వీడ్కోలు విందులో బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా తమ ఇద్దరికీ సంబంధం ఉందనే అనుకుంటున్నారని, మే పక్షాన ఒక్కటై నిలబడ్డారని అతనికి అప్పుడు గాని తెలియదు. 26 ఏళ్ల తర్వాత పారిస్‌లో కొడుకు అంటాడు: నీకు అన్నిటికంటే కావలసినదాన్ని అమ్మ అడగ్గానే వదులుకున్నావట, చనిపోయే ముందు రోజు తనే చెప్పింది అని. న్యూలండ్ కాసేపు మాట్లాడడు. తర్వాత, ఆమె నన్ను ఎప్పుడూ అడగలేదు అంటాడు.