నాయినను బొంబాయి తీసుకుపోతున్నాను, లోకల్ రైళ్ళలో తిరగడం ఎట్లా?

మక్తల్ పోరడు:

అందరికీ నమస్కారం. మాది మక్తల్ దగ్గర పల్లె. మా నాయిన 1980ల్లో బొంబాయిలో బిల్డింగ్ పనులకు పోయేవాడు, వర్లీలో ఉండేవాడు, మా అవ్వ (అమ్మను మేం అట్లే పిలుస్తాం) కూడా నాలుగేండ్లు అక్కడే తట్ట మోసింది. వాపస్ వచ్చి ముప్పై ఏండ్లు దాటింది, మళ్ళీ ఒక్కసారి కూడా పోలేదు. ఇప్పుడు నాయినకు డెబ్బై రెండు, అవ్వకు మోకాళ్ళ నొప్పులు. ఈమధ్య నాయిన రోజూ అదే మాట, ఒక్కసారి వర్లీ చూపించురా, వీటీ స్టేషన్ చూపించురా అని. ఇగ ఆగలేక రాయచూరు నుంచి ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీశాను. సాయంత్రం కల్యాణ్‌లో దిగి డోంబివిలిలో మా చిన్నాయన కొడుకు ఇంట్లో ఉంటాం. వాడికి డ్యూటీ ఉంటుంది, వెంట రాలేడు. నేను హైదరాబాద్ మెట్రో తప్ప ఏదీ ఎక్కినవాణ్ణి కాదు. నాయినేమో నాకు అన్నీ తెలుసు, లోకల్‌లోనే పోదాం అంటాడు. రోజంతా ట్యాక్సీ పెట్టుకునే పైసలు లేవు. మూడు రోజులు ఉంటాం. లోకల్‌లో ఇద్దరు పెద్దవాళ్ళను తీసుకొని తిరగొచ్చా? అవ్వ ఎక్కడ తప్పిపోతుందో అని నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

కోస్గి నుంచి థానే:

తమ్మీ, నేను ఇక్కడ పద్దెనిమిదేండ్లుగా ఉన్నాను. తిరగొచ్చు. కానీ ఏ దారిలో పోవాలి అన్నదానికంటే ఏ టైముకు, ఏ వైపు పోతున్నావు అన్నదే అసలు సంగతి. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా జనమంతా వీటీ, చర్చ్‌గేట్ వైపు పోతారు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా అదే జనం తిరిగి వస్తారు. డోంబివిలి అంటే ఆ రద్దీకి పెట్టింది పేరు, పొద్దున తొమ్మిదికి అక్కడ బండి ఎక్కడం నా వల్లే కాదు, మీ అవ్వ వల్ల ఏమవుతుంది. అన్నం తిని పదకొండు దాటాక బయలుదేరండి. నాలుగు, నాలుగున్నరకల్లా తిరుగు బండిలో కూర్చొని ఉండాలి, అది దాటితే రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆగాలి. మధ్యలో రావద్దు.

మొదటిరోజు భయపడకు. కల్యాణ్ నుంచి డోంబివిలికి స్లో లోకల్‌లో రెండో స్టేషనే. సాయంత్రం జనం ఎదురు దిక్కు నుంచి వస్తారు కాబట్టి మీరు పోయే వైపు ఊపిరాడుతుంది.

బోర్డు మీద బండి పోయే ఊరికి ఒకటి రెండు ఇంగ్లిష్ అక్షరాలు, పక్కన ఎస్ లేదా ఎఫ్ ఉంటుంది. ఎస్ అంటే స్లో, అన్ని స్టేషన్లలో ఆగుతుంది. ఎఫ్ అంటే ఫాస్ట్, పెద్ద స్టేషన్లలోనే ఆగుతుంది. మీరు దిగేది దాదర్ అయితే ఫాస్ట్ ఎక్కొచ్చు, అక్కడ ఆగుతుంది. డోంబివిలిలోనే మొదలయ్యే లోకళ్ళు ఉంటాయి, కల్యాణ్ నుంచి నిండి వచ్చేదాన్ని వదిలేసి దానికోసం ఆగండి, సీటు దొరుకుతుంది. దిగేటప్పుడు మాత్రం రెండు స్టేషన్ల ముందే లేచి తలుపు దగ్గరికి రావాలి, ముందున్నవాళ్ళను "దాదర్ ఉతర్నా హై?" అని అడగాలి, వాళ్ళు దిగేవాళ్ళు కాకపోతే పక్కకు జరుగుతారు. బండి అరనిమిషం కూడా ఆగదు. సీట్లోంచి అప్పుడు లేస్తే దిగలేరు.

చందూరు అక్క, భివండి:

తమ్ముడూ, అవ్వ గురించి అడిగావు కాబట్టి నేను చెప్తాను. మా అత్తమ్మను ఇట్లాగే తిప్పాను. లేడీస్ డబ్బా అని అవ్వను వేరుగా ఎక్కించకు. జనరల్ డబ్బాలో ఆడవాళ్ళు ఎక్కొచ్చు, మధ్యాహ్నం పూట ముగ్గురూ ఒకే డబ్బాలో పోండి. అవ్వ ముందు, నాయిన మధ్యలో, నువ్వు వెనక. ఎక్కేటప్పుడు ఒకరు మిగిలిపోతే పరుగెత్తి ఎక్కవద్దు, మిగిలినవాళ్ళు అక్కడే నిలబడాలి, ముందు పోయినవాళ్ళు తర్వాతి స్టేషన్‌లో దిగి ఆగాలి. ఈ మాట ఇంట్లోనే పదిసార్లు చెప్పి తీసుకుపో. అవ్వ రైక ముడిలో నీ నంబరు, డోంబివిలి అడ్రసు రాసిన కాగితం పెట్టు.

ఇంకో సంగతి, ఖాళీగా కనిపించింది కదా అని ఏ డబ్బా పడితే అది ఎక్కవద్దు. డబ్బా పక్కన రంగు గీతలు ఉంటే అది ఫస్ట్ క్లాస్ కావచ్చు, లేడీస్ కావచ్చు. మామూలు టికెట్‌తో ఫస్ట్ క్లాస్‌లో దొరికితే ఛార్జీ కాక కనీసం 250 రూపాయలు కట్టాలి. చిన్న డబ్బా ఒకటి వికలాంగులకు, క్యాన్సర్ పేషెంట్లకు ఉంటుంది, ముసలివాళ్ళు కదా ఎక్కించొచ్చు అనుకోవద్దు. మోకాళ్ళకు అసలు కష్టం బండిలో కాదు, పుల్ మీద, అంటే పట్టాలు దాటే వంతెన మీద. ప్లాట్‌ఫామ్ మారాలంటే మెట్లెక్కి దిగాలి. ఎస్కలేటర్, లిఫ్ట్ ఎటు ఉన్నాయో కూలీనో పోలీసునో అడిగాకే అడుగు వేయి. ఏసీ లోకల్‌లో తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి, పెద్దవాళ్ళకు హాయి, కానీ దానికి టికెట్ వేరు.

వనపర్తి రమ్మంటోంది:

నా మాట వినండి, లోకల్ వద్దే వద్దు. ఇప్పుడు భూమి కింద మెట్రో 3 వచ్చింది, 2025 అక్టోబర్ నుంచి కఫ్ పరేడ్ దాకా మొత్తం నడుస్తోంది, 33 కిలోమీటర్లకు పైనే, టికెట్ పదితో మొదలై డెబ్బై దాకా. లిఫ్ట్‌లు ఉన్నాయి, ఏసీ ఉంది. డెబ్బై రెండేండ్ల మనిషిని లోకల్ ఎక్కించడం ఎందుకు?

కోస్గి నుంచి థానే:

అన్నా, మెట్రో డోంబివిలి దాకా రాదు కదా, దాదర్ వరకన్నా లోకల్ ఎక్కాల్సిందే. అదీకాక ఆ పెద్దమనిషి పోయేదే లోకల్ ఎక్కడానికి. ఆయన జీవితంలో సగం ఆ డబ్బాలోనే గడిచింది, మధ్యాహ్నం పూట ఒక్కసారి కిటికీ పక్కన కూర్చోనివ్వాలి. రెండూ కలపండి. దాదర్‌లో దిగి పడమర వైపు బయటికి రావాలి, మెట్రో స్టేషన్‌కు కొంచెం నడక ఉంటుంది. అక్కడ కఫ్ పరేడ్ వైపు ఎక్కితే తర్వాతి స్టేషనే సిద్ధివినాయక్, దాని తర్వాత వర్లీ, ఆ తర్వాత ఆచార్య ఆత్రే చౌక్. వర్లీ నాకాకు (వర్లీ కూడలికి) పోవాలంటే ఆత్రే చౌక్‌లో దిగాలి. మళ్ళీ అదే మెట్రోలో వీటీకి పోవచ్చు. తిరుగు ప్రయాణం మాత్రం దాదర్ నుంచి చేయవద్దు, వీటీలో ఎక్కండి, బండి అక్కడే మొదలవుతుంది కాబట్టి ముగ్గురికీ సీట్లు దొరుకుతాయి.

మక్తల్ పోరడు:

అన్నా, అక్కా, ఇవన్నీ నాయినకు చదివి వినిపించాను. దాదర్‌లో రెండు ఒకటో నంబరు ప్లాట్‌ఫామ్‌లు ఉంటాయి, కొత్తోళ్ళు అక్కడే మోసపోతారు, నేను చూపిస్తా అంటున్నాడు. అది నిజమేనా? ఇంకా ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు ఎక్కాలంట, ఫియట్ ట్యాక్సీ ఎక్కాలంట. సోమవారం ఎలిఫెంటా గుహలకు పోదామా అనుకుంటున్నాం.

కోస్గి నుంచి థానే:

నాయిన చెప్పింది అప్పట్లో నిజమే. వెస్టర్న్ లైన్‌కు, సెంట్రల్ లైన్‌కు (మీ డోంబివిలి లైన్ ఇదే) వేర్వేరుగా ఒకటి నుంచి నంబర్లు ఉండేవి, అందరూ తికమక పడేవాళ్ళు. 2023 డిసెంబర్‌లో మార్చారు. ఇప్పుడు వెస్టర్న్ ఒకటి నుంచి ఏడు, సెంట్రల్ ఎనిమిది నుంచి పద్నాలుగు. మీరు దిగేది ఎనిమిది తర్వాతి వాటిలోనే. పేర్లు కూడా మారాయని నాయినకు ముందే చెప్పు. వీటీని బోర్డు మీద సీఎస్ఎంటీ అని రాస్తారు, కానీ వీటీ అంటే ఇప్పటికీ అందరికీ తెలుసు. ఎల్ఫిన్‌స్టన్ రోడ్ 2018 నుంచి ప్రభాదేవి. ఆ పేరు కోసం వెతికితే దొరకదు.

పాత డబుల్ డెక్కర్లు, నాయిన అనే ఫియట్ పద్మినీ ట్యాక్సీలు రెండూ 2023లోనే ఆగిపోయాయి, నాకే బాధ అనిపించింది. కానీ కరెంటుతో నడిచే ఏసీ డబుల్ డెక్కర్లు వచ్చాయి, రంగు ఎరుపే. వీటీ బయట అడిగి నారిమన్ పాయింట్ వైపు పోయేది ఎక్కించు, పైఅంతస్తు ముందు సీట్లో కూర్చోబెట్టు. బెస్ట్ అనే సిటీ బస్సులో మామూలుదానికి కనీస ఛార్జీ పది, ఏసీకి పన్నెండు. ట్యాక్సీ మీటర్ 31తో మొదలవుతుంది. ఆటోల కోసం అక్కడ వెతకవద్దు, బాంద్రా, సయన్ దాటి దక్షిణానికి ఆటోలను రానివ్వరు.

చందూరు అక్క, భివండి:

సోమవారం ఎలిఫెంటా గుహలు మూసి ఉంటాయి తమ్ముడూ, ఆరోజు వద్దు. అక్కడ మెట్లు కూడా ఎక్కువ, అవ్వ మోకాళ్ళకు నేనైతే వద్దనే అంటాను, గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర కూర్చొని సముద్రం చూస్తే చాలు. ఆదివారం కూడా చూసుకో, మెగా బ్లాక్ అని పట్టాల పని కోసం మధ్యాహ్నం పూట కొన్ని బండ్లు ఆపుతారు, ఏ లైన్‌లో ఉందో ముందురోజే చెప్తారు. లోకల్‌కు టూరిస్టు టికెట్ ఉంటుంది, మూడు రోజులది తీసుకుంటే రోజూ లైన్‌లో నిలబడే పని ఉండదు.

మక్తల్ పోరడు:

అయితే ఎలిఫెంటా లేదు. మంగళవారం పదకొండున్నరకు డోంబివిలి నుంచి దాదర్, సిద్ధివినాయక్, వర్లీ, వీటీ, నాలుగుకల్లా తిరుగు బండి. కాగితం మీద రాసి నాయిన జేబులో పెట్టాను. అవ్వ ఒక్కటే అడిగింది, వర్లీ నాకా నుంచి మేమున్న చాలి (కూలీల గదుల బిల్డింగ్) దాకా నడిచి పోవచ్చా అని.

కోస్గి నుంచి థానే:

బీడీడీ చాళ్ళు అయితే నడిచిపోవచ్చు తమ్మీ, దగ్గరే. కొన్ని కూలగొట్టి టవర్లు కడుతున్నారు, తెలిసిన గల్లీ కనబడకపోతే అవ్వను కంగారు పడనివ్వకు. అక్కడ మన తెలుగువాళ్ళు ఇంకా ఉన్నారు, జాంబోరీ మైదానం ఎటు అని తెలుగులోనే అడగమను.