ఎకో మోడ్ వల్ల నిజంగా మిగులుతుందా, మనకు మనం సర్దిచెప్పుకుంటున్నామా?

గుజరాతీపేట కుర్రాడు:
ఎలక్ట్రిక్ కారు కొని నాలుగు నెలలైంది. 30 యూనిట్ల బ్యాటరీ. విజయనగరంలో మా బావకీ ఇదే కారు. ఎకో వదిలి స్పోర్ట్ మోడ్ నొక్కితే ఛార్జింగ్ మంచినీళ్లలా పోతుందని కనపడినప్పుడల్లా క్లాసు పీకుతాడు. తేల్చేద్దామని రెండు ఆదివారాలు శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ నుంచి విశాఖ దాకా, సుమారు 110 కిలోమీటర్లు, పొద్దున్నే వెళ్లాను. రెండుసార్లూ క్రూజ్ కంట్రోల్ (పెడల్ తొక్కకుండానే కారే ఒకే వేగంలో పోయేది) 80 మీద పెట్టాను. ఎకోలో 41 శాతం ఖర్చయింది, స్పోర్ట్‌లో 42. ఆ ఒక్క శాతం ఎదురుగాలికి పోయుంటుంది. నా లెక్కలో ఎకో ఉత్త బొమ్మ బటన్. కాదనేవాళ్లు చెప్పండి.

గంటస్తంభం టాక్సీ:
తమ్ముడూ, నువ్వు క్రూజ్ కంట్రోల్‌ని పరీక్షించావు, ఎకోని కాదు. ఎకో చేసే ముఖ్యమైన పని పెడల్‌ని మందం చేయడం. కాలు అంతే లోతుగా నొక్కినా మోటారు తక్కువ బలం ఇస్తుంది. కొన్ని కార్లలో ఏసీని కూడా కాస్త తగ్గిస్తుంది. నువ్వు కాలు తీసేసి కంప్యూటర్‌కి అప్పజెప్పాక ఎకోకి ఇంకేం పని? నేను రోజంతా విజయనగరంలో మయూరి జంక్షన్, కోట, రైల్వే స్టేషన్ మధ్య తిరుగుతాను. ఆటో అడ్డమొస్తే బ్రేకు, సందు దొరికితే తొక్కుడు. అక్కడ ఎకో లేకపోతే నా కాలు నా మాట వినదు.

బొబ్బిలి మాస్టారు:
టాక్సీ గారి మాటే నాదీను. ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో బండిని నడపడానికి కావలసిన శక్తి బటన్‌ని బట్టి మారదు. మారేది వేగాన్ని బట్టి. గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగింది పావు వంతే, గాలిని చీల్చుకుపోవడానికి కిలోమీటరుకయ్యే ఖర్చు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎకోలో పెట్టుకుని నూట పదిలో పోయేవాళ్లను హైవే మీద రోజూ చూస్తున్నాను. స్పోర్ట్‌లో 80 మీద పోయేవాడు వాళ్లకంటే ముందే ఇల్లు చేరవచ్చు, మధ్యలో ఛార్జర్ దగ్గర టీ తాగుతూ కూర్చోవక్కర్లేదు గనక.

నాగావళి గట్టు:
మోడ్ గొడవ అటుంచండి. హైవే మీద రీజెన్ (కాలు తీస్తే మోటారే బండిని నెమ్మది చేస్తూ ఆ శక్తిని బ్యాటరీకి పంపడం) 3లో పెట్టుకుని బ్యాటరీ నిండుతోందని మురిసిపోయేవాళ్ల మాటేమిటి? నెక్సాన్ ఈవీలో సున్నా నుంచి మూడు దాకా ఉంటుంది. మూడులో కాలు తీయగానే బండి లాగిపెట్టినట్టు ఆగుతుంది, మళ్లీ తొక్కాలి. రూపాయి ఇచ్చి అర్ధరూపాయో ముప్పావలానో వెనక్కి తెచ్చుకోవడమే కదా! రోడ్డు ఖాళీగా ఉంటే సున్నాలో జారనివ్వడమే లాభం.

గంటస్తంభం టాక్సీ:
హైవేకి సరే. టౌన్‌లో ఎలాగూ ఆగాల్సిందే, ఆ ముప్పావలా బ్రేకు ప్యాడ్ల వేడికి ఎందుకు ధారపోయాలి? సంతరోజు నాతో తిరిగి చూడండి.

ఎస్.కోట నుంచి:
ఘాట్ రోడ్డు సంగతి వేరండీ. పోయిన కార్తీకంలో అనంతగిరిలో రాత్రి ఉన్నాం. గదిలో 15 ఆంపియర్ ప్లగ్ దొరికిందని మావారు ముచ్చటపడి నూరు శాతం నింపేశారు. పొద్దున్న దిగుతుంటే రీజెన్ 3 పెట్టినా బండి పట్టదే! నిండిన బ్యాటరీ ఇంకా కరెంటు ఎక్కడ తీసుకుంటుంది? మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దిగాం. సగం దారిలో కాలిన వాసన, వెనక సీట్లో అత్తగారు దేవుడి పేర్లు. పక్కన ఆపి చక్రాలు చల్లారాక కదిలాం. తర్వాత ఇంట్లో కూర్చుని లెక్క వేశాను. మనుషులతో కలిపి 1,600 కిలోల బండి వెయ్యి మీటర్లు పైకెక్కాలంటే ఎత్తుకే సుమారు 4.4 యూనిట్లు కావాలి. 30 యూనిట్ల బ్యాటరీలో అది పదిహేను శాతం. దిగేటప్పుడు అందులో కొంతైనా తిరిగి రావాలంటే లోపల చోటుండాలి. కొండ మీద రాత్రి ఛార్జింగ్ పెట్టేవాళ్లు 85 దగ్గర తీసేయండి.

గుజరాతీపేట కుర్రాడు:
ఇది మాత్రం తెలీదు అక్కా, థాంక్స్. అయితే రోజూ ఛార్జింగ్ 80 శాతానికే ఆపేయాలా? బావ అదీ అంటున్నాడు.

గంటస్తంభం టాక్సీ:
ముందు నీ బ్యాటరీ ఏ రకమో చూసుకో. నికెల్ రకమైతే రోజువారీకి 80 చాలు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే మధ్యలో వోల్టేజి బల్లపరుపుగా ఉంటుంది, ఎంత మిగిలిందో కారే పొరబడుతుంది. అందుకే అప్పుడప్పుడూ ఇంటి దగ్గర నెమ్మదిగా నూరు దాకా పెట్టమంటారు. కారుతో ఇచ్చిన పుస్తకం చదువు తమ్ముడూ, బావని కాదు.

గుజరాతీపేట కుర్రాడు:
సరే, బొమ్మ బటన్ అన్నమాట సగం వెనక్కి తీసుకుంటున్నా. ఈ ఆదివారం క్రూజ్ లేకుండా కాలితోనే తోలతాను, ఒకసారి ఎకో, ఒకసారి స్పోర్ట్.

బొబ్బిలి మాస్టారు:
టైర్లలో గాలి, ఏసీ రెండుసార్లూ ఒకేలా ఉండాలి. తిరుగు ప్రయాణం కూడా కలుపు బాబూ, గాలి ఎప్పుడూ ఒకవైపే కొట్టదు.

గుజరాతీపేట కుర్రాడు:
సాక్ష్యానికి బావని పక్కన కూర్చోబెట్టుకోనా?

గంటస్తంభం టాక్సీ:
వద్దు. కాలు భయపడి స్పోర్ట్‌లో కూడా ఎకోలాగే తొక్కుతుంది.