9 మీటర్ల గాజు తలుపు, గడప లేని టెర్రస్, 4 మీటర్ల కాంటిలీవర్: స్ట్రక్చరల్ డిజైన్‌కి ముందే ఏం తేల్చుకోవాలి?

కొత్తనమూనా:

సుమారు 900 చదరపు మీటర్ల రెండంతస్తుల ఆధునిక ఇల్లు. కాన్సెప్ట్ డ్రాయింగులు పూర్తయ్యాయి, స్ట్రక్చరల్ డిజైన్ ఇంకా మొదలవలేదు. వివరాలు ఇవీ:

ప్రవేశ హాలు 12 × 8 మీటర్లు, ఎత్తు 6 మీటర్లు. నేల పాలరాయి, గోడలు నున్నటి ప్లాస్టర్. దాన్ని ఆనుకుని లివింగ్ రూమ్. దాని పడమటి వైపు 9 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు స్లైడింగ్ గాజు తలుపు, మధ్యలో స్తంభం లేదు. నాలుగు పలకలూ జరిగి ఒక పక్కకి చేరతాయి. లోపలి నేల, బయటి టెర్రస్ ఒకే మట్టంలో ఉండాలి. గాజు పైన మాస్టర్ బెడ్‌రూమ్, అది కాంటిలీవర్‌గా, అంటే కొన కింద స్తంభం లేకుండా, టెర్రస్ మీదకి 4 మీటర్లు పొడుచుకొస్తుంది. పైకప్పు చదును, పిట్టగోడ కింది నుంచి కనబడకూడదు.

ఇప్పుడు తేల్చుకోకపోతే తర్వాత సరిదిద్దలేనివి ఇందులో ఏవి? ఎక్కడెక్కడ దెబ్బతింటుంది?

భారమితి:

ముందు ఆ 9 మీటర్ల బీమ్ సంగతి. మామూలు లెక్కలో లైవ్ లోడ్‌కి (మనుషులు, సామాను లాంటి మారే బరువుకి) స్పాన్‌లో, అంటే రెండు ఆధారాల మధ్య దూరంలో, 360వ వంతు వంగడాన్ని అనుమతిస్తారు. అంటే 9000/360 = 25 మి.మీ. నేలకి అది ఫరవాలేదు. స్లైడింగ్ తలుపుకి కుదరదు, దాని పై ట్రాక్ భరించేది కొన్ని మిల్లీమీటర్లే. పైగా కాంక్రీట్ సెంట్రింగ్ తీసిన రోజు వంగి ఆగిపోదు. బరువు కింద ఏళ్ల తరబడి నెమ్మదిగా కుంగుతూనే ఉంటుంది. చివరికి మొదటి రోజు వంపుకి రెండు మూడింతలు కావచ్చు. బిగించినప్పుడు వేలితో నెడితే కదిలిన తలుపు రెండేళ్లకి ఇద్దరు తోసినా కదలకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. చక్రాలు మారిస్తే పోయే జబ్బు కాదు.

కాబట్టి ఇంజనీరుకి ఇచ్చే షరతు 'స్పాన్ బై 360' కాకూడదు. "తలుపు బిగించిన తర్వాత రాబోయే మొత్తం వంపు ఇన్ని మి.మీ. లోపు" అని ఉండాలి. ఆ అంకె తలుపు తయారీదారు నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. అంటే తలుపు ఏ సిస్టమో స్ట్రక్చర్ కంటే ముందే ఖరారు కావాలి.

బరువు కూడా చూడండి. గాజు 1 మి.మీ. మందానికి చదరపు మీటరుకి 2.5 కిలోలు. బయట 8 మి.మీ., లోపల 6+6 లామినేటెడ్ (రెండు గాజులు అతికించినది) అనుకుంటే మొత్తం 20 మి.మీ., అంటే చదరపు మీటరుకి 50 కిలోలు. 2.25 × 3 మీటర్ల పలక ఒక్కటే దాదాపు 340 కిలోలు, ఫ్రేమ్ కాకుండా. దీన్ని పైనుంచి వేలాడదీయొద్దు. కింద చక్రాల మీద నడిచే సిస్టమ్ తీసుకోండి, పై ట్రాక్ గైడ్‌గా మాత్రమే ఉండాలి. ఆ గైడ్‌లో బీమ్ కిందికి దిగడానికి జారుడు ఖాళీ తప్పనిసరి.

ఇప్పుడు అసలు మాట. మీ నాలుగు పలకలూ ఒక పక్కకి చేరతాయి అన్నారు కదా. అంటే తలుపంతా తీసినా 2.25 మీటర్ల మేర గాజు నిలిచే ఉంటుంది. తెరుచుకునేది 6.75 మీటర్లే. పలకలు ఆగే ఆ గీత మీద, గాజుకి లోపలి పక్కన సన్నటి ఉక్కు స్తంభం పెట్టండి. తలుపు తీసి ఉన్నప్పుడు అది పలకల అంచుల వరుసలో కలిసిపోతుంది. స్పాన్ 9 నుంచి 6.75కి దిగుతుంది. పరుచుకున్న బరువుకి వంపు స్పాన్ నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి, అదే బీమ్‌కి వంపు మూడో వంతు కంటే తక్కువకి పడిపోతుంది. తెరుచుకునే వెడల్పులో ఒక్క సెంటీమీటరు కూడా పోదు. 'స్తంభం లేకుండా' అనే మాట కోసం దీన్ని వదులుకోవడం నా దృష్టిలో తప్పు.

కాంటిలీవర్ గురించి: 4 మీటర్లకి బీమ్ లోతు మొదటి అంచనాగా ఏడో వంతు, అంటే 570 మి.మీ. వెనక్కి కనీసం రెండింతలు, అంటే 8 మీటర్ల స్పాన్ ఉండాలి. అప్పుడు కూడా కొనమీద పడే ప్రతి టన్నుకి ముందు స్తంభం మీద టన్నున్నర పడుతుంది, వెనక చివర అర టన్ను పైకి లేస్తుంది. ఆ పైకి లేచే బలాన్ని అణచడానికి వెనక గోడో, పైకప్పో బరువు ఇవ్వాలి. ముఖ్యంగా, ఈ కాంటిలీవర్ బీములు గాజు మీది బీమ్ మీద కూర్చోకూడదు. నేరుగా స్తంభాల మీదికి రావాలి. లేకపోతే పైన బెడ్‌రూమ్ బరువు మారినప్పుడల్లా ఆ ప్రభావం తలుపు మీద పడుతుంది.

సైట్‌లో జరిగే తప్పు ఇంకొకటి. కాంటిలీవర్‌లో మెయిన్ రాడ్లు పైన ఉంటాయి. కాంక్రీట్ పోసేటప్పుడు జనం వాటి మీద నడిచి కిందికి తొక్కేస్తారు. 200 మి.మీ. స్లాబ్‌లో పనికొచ్చే లోతు 170 అనుకుంటే, రాడ్లు 40 మి.మీ. దిగిపోతే అది 130 అవుతుంది. బలం నాలుగో వంతు పోతుంది, వంపు ఇంచుమించు రెండింతలవుతుంది. రాడ్లని పైకెత్తి పట్టే చైర్లు దగ్గరదగ్గరగా పెట్టించి, నడవడానికి విడిగా పలకలు వేయించండి. సెంట్రింగ్ తీసేటప్పుడు కొన నుంచి మొదలుపెట్టి స్తంభం వైపు రావాలి, తిరగేసి కాదు.

పెన్సిల్వేనియాలోని ఫాలింగ్‌వాటర్ ఇల్లు దీనికి పెద్ద పాఠం. ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన ఆ టెర్రస్‌లలో పైవైపు ఉక్కు చాలలేదు. 15 అడుగుల కాంటిలీవర్ దాదాపు 7 అంగుళాలు కుంగింది. 2002లో పోస్ట్ టెన్షనింగ్ కేబుళ్లతో (లాగి బిగించిన ఉక్కు తీగలతో) దాన్ని నిలబెట్టారు.

తూము:

భారమితి గారు చెప్పిన స్తంభం సూచనకి నేనూ ఓటేస్తాను. నీళ్ల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే గడప లేని తలుపులో ఎక్కువగా ఓడిపోయేది అక్కడే.

వాటర్‌ప్రూఫింగ్ పొర గోడ దగ్గర పైకి కనీసం 150 మి.మీ. ఎక్కాలి. గడప ఉంటే అది గడప వెనక దాక్కుంటుంది. గడప లేకపోతే ఆ 150 కిందే దొరకాలి. అంటే బయటి స్లాబ్‌నే దించాలి. లెక్క: టెర్రస్ 4 మీటర్లకి 80కి 1 వాలు అంటే 50 మి.మీ., ఇన్సులేషన్ 80, పెడెస్టల్స్ (పలకరాళ్లని ఎత్తి పట్టే చిన్న కాళ్లు) కనీసం 50, పలకరాయి 20. మొత్తం 200 మి.మీ. ఇది లోపల పూర్తయిన నేల మట్టం నుంచి లెక్క. లోపలి స్లాబ్ నుంచి దిగుడు కావాలంటే లోపలి నేలకి వేసే ఫినిష్ మందం ఇందులోంచి తీసేయండి. ఈ దిగుడు స్ట్రక్చరల్ డ్రాయింగులో లేకపోతే తర్వాత ఎవరూ తేలేరు. అప్పుడు మిగిలే దారి లోపలి నేలని పైకి లేపడం. దాంతో మెట్ల మొదటి మెట్టు, తలుపుల ఎత్తు, లిఫ్ట్ మట్టం అన్నీ చెడతాయి.

టెర్రస్ పలకలు పెడెస్టల్స్ మీద, కీళ్లు తెరిచి ఉండాలి. నీళ్లు కిందికి దిగి, వాలు వేసిన పొర మీద పారాలి. తలుపు పొడవునా జాలీ మూతతో కాలువ. తలుపు ట్రాక్‌లో పడిన నీటికి విడిగా గొట్టం, దాన్ని ఆ కాలువలో కలిపేయొద్దు. కాలువ నిండినప్పుడు నీరు వెనక్కి తన్ని ట్రాక్‌లోంచి ఇంట్లోకొస్తుంది.

గొట్టం సైజు ఊహతో వేయకండి. గంటకి 150 మి.మీ. వాన 60 చదరపు మీటర్ల మీద పడితే సెకనుకి 2.5 లీటర్లు. పడమటి గాలికి గాజు మీద కొట్టే వాన కూడా జారి ఆ కాలువలోకే వస్తుంది, దాన్నీ కలపాలి. ఎన్ని తూములు పెట్టినా, రెండో దారిగా లోపలి నేల మట్టం కంటే కిందగా ఒక పొర్లు తూము ఉండాలి. ఆకులు అడ్డుపడే రోజు ఎప్పటికైనా వస్తుంది.

చదును పైకప్పుకీ ఇదే మాట. డ్రాయింగులో 40కి 1 వాలు వేయించండి. స్లాబ్ వంగి, పనిలో తేడాలొచ్చినా చివరికి 80కి 1 అయినా మిగలాలి. సరిగ్గా 80కి 1 గీస్తే కొన్నిచోట్ల మడుగులు మిగులుతాయి. పిట్టగోడ కనబడకూడదంటే దాన్ని తీసేయకండి, అంచు నుంచి ఒక మీటరు వెనక్కి జరపండి, ఇంటికి దగ్గరగా కింద నిలబడినవారికి కనబడదు. తూము మూసుకుపోతే 100 చదరపు మీటర్ల కప్పు మీద 50 మి.మీ. నీళ్లంటే 5 టన్నులు. అందుకే పిట్టగోడకి పొర్లు తూము తప్పదు.

పారిస్ దగ్గర పోయిసీలో 1931లో పూర్తయిన విల్లా సవాయ్ చదును కప్పుల ఇళ్లకి ప్రపంచమంతటా నమూనా అయింది. హాల్లో, ర్యాంప్ మీద నీళ్లు కారుతున్నాయని ఆ ఇంటి యజమానురాలు దాన్ని గీసిన ల కొర్బూజియేకి మళ్లీ మళ్లీ ఉత్తరాలు రాయాల్సి వచ్చింది.

పలకలు పరచడానికి ముందు నీళ్లు నింపి 48 గంటలు ఉంచి చూడండి. దానికి తూములు మూయాలి, తలుపు అంచు కూడా తడవాలి. తలుపు దగ్గర పొడిగా వదిలేసి చేసిన పరీక్ష పరీక్షే కాదు.

ఎండనీడ:

పడమటి గాజు అన్నారు. దీన్ని ఎవరూ పట్టించుకోనందుకు రాస్తున్నాను.

4 మీటర్ల కాంటిలీవర్ ఉంది కదా, నీడ సరిపోతుందని అనుకోవడం సహజం. 3 మీటర్ల గాజుకి 4 మీటర్ల చూరు అంటే సూర్యుడు ఎదురుగా 37 డిగ్రీల పైన ఉన్నంతవరకే పూర్తి నీడ. ఆ కిందికి దిగాక ఎండ నేరుగా లోపలికొస్తుంది. భూమధ్యరేఖ దగ్గరే అది సాయంత్రం చివరి రెండున్నర గంటలు. సూర్యుడు ఏటవాలుగా దిగే చోట్ల ఇంకా ఎక్కువ. చూరు పనిచేసేది మధ్యాహ్నపు ఎండ పడే వైపు, అంటే ఉత్తరార్ధగోళంలో దక్షిణం, దక్షిణార్ధగోళంలో ఉత్తరం. పడమరకి అది సగం మందే.

27 చదరపు మీటర్ల గాజు మీద వాలుటెండ చదరపు మీటరుకి 600 వాట్లు అనుకుందాం, మొత్తం 16.2 కిలోవాట్లు. సోలార్ ఫ్యాక్టర్ (ఎండ వేడిలో గాజు లోపలికి వదిలే వాటా) 0.6 ఉన్న డబుల్ గ్లాస్ అయితే 9.7 కిలోవాట్లు లోపలికొస్తాయి. 0.28 ఉన్న కోటింగ్ గ్లాస్ అయితే 4.5. బయటి బ్లైండ్ దించితే, మొత్తం 0.1కి దిగుతుందనుకుంటే, 1.6. లోపలి కర్టెన్‌తో ఇంత లాభం రాదు, గాజు దాటిన వేడి అప్పటికే ఇంట్లో ఉంది. పైగా ముదురు రంగు కర్టెన్ గాజుకి ఆనుకుని ఉంటే మధ్యభాగం వేడెక్కి, ఫ్రేమ్‌లో ఉన్న అంచు చల్లగా ఉండి, గట్టిపరచని గాజు అంచు నుంచి పగులుతుంది. కాబట్టి టఫెన్డ్ తీసుకుంటారు. దానికి హీట్ సోక్ పరీక్ష (పలకని ముందే వేడిలో ఉంచి చూడడం) చేయించమనండి. లోపల చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ రేణువుల వల్ల పైకి ఏ కారణం లేకుండా పేలిపోయే పలకలు ఆ పరీక్షలో చాలావరకు ముందే బయటపడతాయి.

బయటి బ్లైండ్‌కి పెట్టె కావాలి, సుమారు 200 మి.మీ. ఎత్తు. కాంటిలీవర్ అడుగున దాని గూడు ఇప్పుడే వదలండి. తర్వాత పెడితే తలుపు మీద డబ్బాలా వేలాడుతుంది, ఇల్లంతా కష్టపడి సాధించిన ఆ సన్నటి గీత పోతుంది.

1930 నాటి, చెక్ దేశంలోని బర్నో నగరపు విల్లా టుగెండ్‌హాట్‌లో పెద్ద కిటికీ గాజులు రెండు మోటారుతో నేలలోకి దిగిపోతాయి. దాన్ని గీసిన ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రోనే 1951లో ఇలినాయ్‌లో పూర్తి చేసిన ఫార్న్స్‌వర్త్ ఇంట్లో చుట్టూ ఒంటి గాజు. తలుపు కాక తెరుచుకునేవి రెండు చిన్న కిటికీలే. వేసవిలో ఉక్క, చలికాలంలో గాజు మీద తేమ. గోడంతా గాజైతే గాలి ఎటునుంచి వస్తుందో, ఎటు పోతుందో ముందే గీయాలి.

కొత్తనమూనా:

స్తంభం మాట నిజంగా తట్టలేదు. ప్లాన్ మారుస్తున్నాను. తూము గారు, బయటి స్లాబ్ 200 దించితే కాంటిలీవర్ కింద ఎత్తు మారదా? అలాగే హాలు గురించి ఎవరూ చెప్పలేదు, అక్కడ ఏ సమస్యా లేనట్టేనా?

తూము:

మారదు. దిగేది స్ట్రక్చరల్ స్లాబే, పైన పలకరాయి మట్టం లోపలి నేలతో సమానమే. కింద బేస్‌మెంట్ ఉంటే మాత్రం అక్కడ 200 తగ్గుతుంది, కారు పార్కింగ్ అయితే చూసుకోండి.

ప్రతిధ్వని:

హాల్లో సమస్య ఉంది, ఇల్లు కట్టాక రోజూ వినిపించే సమస్య. లెక్క వేద్దాం. ఘనపరిమాణం 12 × 8 × 6 = 576 ఘనపు మీటర్లు. నేల, కప్పు, గోడలు కలిపి 432 చదరపు మీటర్లు. పాలరాయి, ప్లాస్టర్, గాజు సగటున శబ్దంలో 5 శాతమే పీల్చుకుంటాయని అనుకుంటే, మొత్తం శోషణ 21.6. శబ్దం గదిలో ఎంతసేపు నిలుస్తుందో చెప్పే సబీన్ సూత్రంలో వేస్తే 0.161 × 576 / 21.6 = 4.3 సెకన్లు. ఒక మాట ఆగాక నాలుగు సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. నలుగురు మాట్లాడితే ఎవరికీ ఏదీ వినబడక అందరూ గొంతు పెంచుతారు.

ఒక సెకను దగ్గరికి తేవాలంటే శోషణ 93 కావాలి. కప్పు 96 చదరపు మీటర్లు. దానంతటికీ 80 శాతం పీల్చే పదార్థం వేస్తే 77 వస్తుంది, పాతగా లెక్కించిన 5 తీసేస్తే నికరంగా 72 కలుస్తుంది. మొత్తం 93.6, సరిగ్గా ఒక సెకను. అంటే కప్పు ఒక్కటి చాలు, పాలరాయిని ముట్టుకోనక్కర్లేదు. సన్నటి రంధ్రాలున్న ప్లాస్టర్ కప్పులు దొరుకుతాయి, చూడడానికి మామూలు కప్పులాగే ఉంటాయి. వాటి మీద మామూలు పెయింట్ మాత్రం వేయించొద్దు, రంధ్రాలు పూడి కప్పు మళ్లీ రాయిలా మారుతుంది. నాలుగైదేళ్లకి రంగులు వేయించేటప్పుడు ఈ తప్పు జరుగుతుంది కాబట్టి ఇంటి కాగితాల్లో రాసిపెట్టండి.

వెనక ఖాళీ, ఆ పొర కలిపి 200 మి.మీ. వరకు పోవచ్చు. ఏసీ డక్టులు కూడా అక్కడే పడతాయి. 6 మీటర్లు పూర్తయ్యాక ఎత్తుగా ఉండాలంటే స్లాబ్‌ని ఆ మేరకి పైకి జరపండి.

భారమితి:

డక్టుల మాటొచ్చింది కాబట్టి: లివింగ్ రూమ్‌లో 300 మి.మీ. డక్టు బీముల కింద నుంచి పోతే కప్పు 3 మీటర్ల గాజు కంటే కిందికి దిగుతుంది. బీములో రంధ్రం కావాలంటే ఇప్పుడే చెప్పాలి. లోతులో మధ్య మూడో వంతులోనే, స్తంభాలకి దూరంగా. కాంక్రీట్ అయ్యాక కోర్ కటింగ్‌కి (బీముని తొలిచి రంధ్రం చేయడానికి) నేను ఒప్పుకోను.

తలుపు కొలతలకి ఒక వరుస పాటించండి. సిస్టమ్ ఇప్పుడు ఎంచుకోండి, గాజు ఆర్డర్ మాత్రం స్లాబ్ సెంట్రింగ్ తీసి, పైగోడలూ నేల ఫినిష్ బరువూ పడ్డాక కొలిచి ఇవ్వండి. ముందే ఇస్తే బీమ్ దిగిన 10 మి.మీ. ఎవరి ఖాతాలోనూ ఉండదు. కొలిచేటప్పుడు పై అంచుని మీటరుకొకచోట లేజర్‌తో చూసి రాసుకోండి, మూడు నెలల తర్వాత అవే చోట్ల మళ్లీ చూడండి. తేడా ఇంకా పెరుగుతుంటే గైడ్‌లో ఖాళీ పెంచి ఆర్డర్ ఇవ్వండి. అలాగే 340 కిలోల పలకని ఎప్పుడైనా మార్చాల్సి వస్తే క్రేన్ ఏ వైపు నిలబడుతుందో, దాని చేయి కాంటిలీవర్ కిందికి ఎలా వస్తుందో సైట్ ప్లాన్‌లో గుర్తు పెట్టండి. తోటలో చెట్లు ఆ దారి వదిలి నాటాలి.