అప్‌డేట్: మావయ్యగారి షష్టిపూర్తి రోజు రాత్రి పిల్లల సంగతి

రాజమండ్రిలో మావయ్యగారి షష్టిపూర్తి, పొద్దున హోమం, అత్తయ్యగారికి మళ్లీ మంగళసూత్రధారణ అన్నీ పిల్లలతోనే చూసి, రాత్రి భోజనాలకి మాత్రం వాళ్లని మా అమ్మ దగ్గర వదిలేసి నేనూ మా ఆయనా నిమ్మళంగా కూర్చుంటే తప్పా అని అడిగాను కదా. కూర్చున్నాం!

చాలామంది చెప్పినట్టు అత్తయ్యగారితో ముందే మాట్లాడాను. "దీనికింత టెన్షన్ దేనికమ్మా, మా రోజుల్లో నన్నెవరూ కూర్చోనివ్వలేదు, నువ్వైనా కూర్చో" అన్నారావిడ. అంత మాట వస్తుందని అస్సలు అనుకోలేదు, కళ్లనీళ్లు తిరిగాయి. అమ్మ ఇంటి దగ్గర పిల్లలకి పెరుగన్నం పెట్టి పడుకోబెట్టింది, చిన్నాడు కాసేపు ఏడ్చాడట, అంతే.

మా ఆడపడుచు మాత్రం "పిల్లలు లేకుండా ఫంక్షనేంటి" అని బంతిలో అందరి ముందూ అనేసింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "పొద్దుట్నించీ నాన్న ఒళ్లోనే ఉన్నారు కదక్కా, ఇప్పుడు తనని తిననీ" అన్నారు. పనసపొట్టు కూర వేడిగా ఉండగానే తిన్నాను, ఆత్రేయపురం పూతరేకు ఎవరికీ తుంచి పెట్టకుండా మొత్తం నేనే తిన్నాను, తోడికోడలితో ఎన్నేళ్లకో తీరిగ్గా కబుర్లు చెప్పుకున్నాం.

ఆడపడుచు ఇంకా ముభావంగానే ఉంది, నాలుగు రోజులాగి నేనే ఫోన్ చేస్తాను. చెల్లి పెళ్లి సంగీత్‌కి కూడా ఇలాగే అడగబోతున్నాను.