రాత్రి వాన ఫోటోలో చినుకు కనపడాలంటే ఫ్లాష్ వెయ్యాలా, వద్దా?

నల్లమబ్బు: చార్మినార్ దగ్గర రాత్రి వాన తీస్తే తడి రోడ్డు బాగా వస్తోంది, చినుకు మాత్రం ఫోటోలో కనపడట్లేదు. ఫ్లాష్ వెయ్యమని కొందరు, వేస్తే పాడవుతుందని కొందరు. ట్రైపాడ్ లేదు.

ఎదురువెలుగు: ఫ్లాష్ వద్దు. చినుకు గాజుపూస లాంటిది, వెనక నుంచి వచ్చే వెలుగును వంచి మన వైపు పంపుతుంది. కాబట్టి దీపం చినుకుల వెనక, ఆ వెనక చీకటి ఉండాలి. దీపాన్ని స్తంభం చాటుకో, కమాను చాటుకో తెచ్చుకోండి. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు.
షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 1/60 నుంచి 1/125 వంతు. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 6.5 మీటర్లు దిగుతుంది. 1/60లో 11 సెంటీమీటర్ల గీత, 1/125లో 5. 1/1000 పెడితే 6.5 మిల్లీమీటర్లే, దూరం నుంచి అది కంటికి ఆనదు. అలాగని 1/8కి దిగితే గీతలు మాయం. చినుకు ఒక్కో చోట ఉండేది క్షణంలో చిన్న ముక్కే, షట్టర్ ఎంతసేపు తెరిచినా గీత వెలుగు పెరగదు. వెనకున్న గోడ మాత్రం వెలుగుతూ పోతుంది.

చుక్కఆపు: తప్పు ఫ్లాష్‌ది కాదు, అది కెమెరా మీద ఉండటానిది. లెన్స్‌కు అడుగు దూరంలో పడే చినుకులకే వెలుగంతా తగిలి తెల్లటి బంతులవుతాయి. ఫ్లాష్‌ను మనిషి వెనక మూడు నాలుగు మీటర్ల దూరంలో, కెమెరా వైపు తిప్పి, పారదర్శక కవర్లో పెట్టి రేడియో ట్రిగ్గర్‌తో (తీగ లేకుండా దూరం నుంచి ఫ్లాష్ వెలిగించే పరికరం) కొట్టండి. పవర్ ఫుల్‌లో 1/16 వంతు. ఆ పవర్లో మెరుపు సెకనులో పదివేలో వంతు దగ్గరే ఉంటుంది, చుక్క గుండ్రంగా నిలబడిపోతుంది. ఫుల్ పవర్ వేస్తే మెరుపు నిడివి పెరిగి తోక వస్తుంది. షట్టర్ సింక్ వేగం (ఫ్లాష్ వెలుగు ఫ్రేమంతా పడే గరిష్ఠ షట్టర్ వేగం) దాటకూడదు, 1/125 చాలు.

ఎదురువెలుగు: చార్మినార్ రద్దీలో ఫ్లాష్ స్టాండ్ ఎక్కడ పెట్టాలి? పైగా ఆగిపోయిన చుక్కలు వానలా ఉండవు, గాల్లో ముత్యాలు చల్లినట్టు ఉంటాయి.

చుక్కఆపు: అది రుచి మాట. దీపమే లేని సందులో మీ పద్ధతి పనికిరాదుగా.

ముసురు: ఇద్దరూ పెద్ద వానే అనుకుని మాట్లాడుతున్నారు. ముసురులో చినుకు అర మిల్లీమీటరు లోపే, సెకనుకు రెండు మీటర్లు దాటదు, 1/60లో గీత మూడు సెంటీమీటర్లే. అప్పుడు 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో దీపం కింద పొరలు పొరలుగా కనపడేలా తీయాలి, లేదంటే నీటి గుంటలో వలయాలు పట్టుకోవాలి.
ఇంకొకటి: కొన్ని ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు వంద సార్లు మినుకుతాయి, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా. గీత ముక్కలు ముక్కలుగా వస్తుంది. ముందే ఫోన్ స్లోమోషన్లో చూసుకోండి. ఫోన్ నైట్ మోడ్ వద్దు, అది ఫ్రేములు కలిపేటప్పుడు చినుకుల్ని చెరిపేస్తుంది.

నల్లమబ్బు: చేత్తో 85 మిల్లీమీటర్ల లెన్స్ పట్టుకుని 1/60లో తీస్తే వణకదా? ఫోకస్ చినుకుల మీద తిరుగుతూనే ఉంటుంది.

ఎదురువెలుగు: స్టెబిలైజర్ ఉంటే సరిపోతుంది, లేకపోతే గోడకు ఆనుకుని 1/100. దీపం కింద గొడుగు మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చండి. ఎఫ్/4 (లెన్స్ రంధ్రం తెరుచుకునే మేర), ఐఎస్ఓ 3200 (వెలుగుకు కెమెరా స్పందించే మేర)తో మొదలుపెట్టండి.

చుక్కఆపు: ఏసీ కారు దిగగానే లెన్స్ మసకబారుతుంది. పది నిమిషాలు బయటి గాలికి ఉంచి మొదలుపెట్టండి, ఇందులో మాకు గొడవ లేదు.